చెయ్యి మళ్లీ లేచింది కదా, ఇంకా ఎంఆర్‌ఐ ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడతారు. మూడేళ్ల కిందట గుండెకి స్టెంట్ వేశారు. మొన్న ఆదివారం పొద్దున టిఫిన్‌కి ముందు చేతిలో కాఫీ గ్లాసు జారిపోయింది. కుడిచెయ్యి లేవలేదు, మూతి కాస్త పక్కకి పోయింది, మాట ముద్దగా వచ్చింది. ఇరవై నిమిషాల్లో అంతా సర్దుకుంది. మా ఊరి ఆసుపత్రిలో బీపీ 160/90 ఉందన్నారు. సీటీ తీసి నార్మల్ అన్నారు, న్యూరాలజిస్టుకి చూపించి ఎంఆర్‌ఐ తీయించమని రాసిచ్చారు. నాన్నగారేమో 'నాకేం కాలేదు, డబ్బు దండగ' అంటున్నారు. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు ఆ మిషన్‌లోకి వెళ్లకూడదని బంధువులు భయపెడుతున్నారు. ఇంకో సంగతి, గ్యాస్ పడుతోందని రెండు నెలల కిందట ఆస్పిరిన్ ఆయనంతట ఆయనే మానేశారు. ఇవాళ్టికి నాలుగో రోజు. ఇప్పుడు ఎంఆర్‌ఐ తీస్తే ఏమైనా కనపడుతుందా? ఏ రకం తీయించాలి?
— ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: ఎంఆర్‌ఐ సంగతికి వచ్చేముందు ఒక పని. నాన్నగారిని ఇవాళే న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అపాయింట్‌మెంట్ వచ్చే వారం అంటే ఆగొద్దు, ఎమర్జెన్సీలో చూపించండి. ఉత్తరాలు రాసి జవాబు కోసం ఎదురుచూసేంత వ్యవధి ఇచ్చే జబ్బు కాదిది.

ఇంత తొందర ఎందుకో ఆయన వివరాలతోనే చూద్దాం. తాత్కాలికంగా వచ్చిపోయే పక్షవాతాన్ని డాక్టర్లు టీఐఏ అంటారు. దాని తరవాత అసలు పక్షవాతం వచ్చే ముప్పుని అంచనా వేయడానికి ఏబీసీడీ2 అనే లెక్క ఉంది. వయసు 60 దాటితే 1, బీపీ 140/90 లేదా అంతకు మించి ఉంటే 1, ఒక పక్క చెయ్యో కాలో మూతో పడిపోతే 2, పది నిమిషాలు దాటి గంటలోపు ఉంటే 1, షుగర్ ఉంటే 1. నాన్నగారికి మొత్తం 6 వచ్చింది, గరిష్ఠం 7. ఈ లెక్కని తయారుచేసిన అధ్యయనంలో 6, 7 వచ్చినవాళ్లలో నూటికి సుమారు ఎనిమిది మందికి రెండు రోజుల్లోనే పక్షవాతం వచ్చింది. ఆ రెండు రోజులు ఆయనకి క్షేమంగా గడిచాయి, మంచిదే. కానీ మొదటి వారమంతా ముప్పు ఎక్కువే, తరవాత మూడు నెలల దాకా అది మెల్లగా తగ్గుతూ వస్తుంది. ఈ లెక్కని ఎవరినైనా భయపడొద్దని ఇంటికి పంపడానికి మాత్రం వాడకూడదు. 2 మార్కులే వచ్చిన మనిషి మెడ ధమని పూర్తిగా పూడుకుపోయే దశలో ఉండొచ్చు.

ఆస్పిరిన్ మానేసిన సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. ఎంఆర్‌ఐ కోసం మందు ఆపాల్సిన పని లేదు. మెదడులో రక్తస్రావం లేదని సీటీ ఇప్పటికే చెప్పింది కాబట్టి చాలామంది డాక్టర్లు అక్కడికక్కడే మందు మొదలుపెడతారు. ఇలాంటి ఎక్కువ ముప్పున్న కేసుల్లో ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ కలిపి 21 రోజులు ఇచ్చి, తరవాత ఒక్కదాన్నే కొనసాగించడం ఇప్పుడు మామూలు పద్ధతి. 2013లో వచ్చిన చాన్స్, 2018లో వచ్చిన పాయింట్ అనే అధ్యయనాలు దీనికి ఆధారం. అయితే ఆ రెండిటిలో మందు మొదటి రోజే మొదలైంది. 2023 నాటి ఇన్‌స్పైర్స్ అధ్యయనం మూడు రోజుల దాకా ఆ గడువు చాచింది. నాలుగో రోజున రెండూ ఇవ్వాలా, ఒక్కటే ఇవ్వాలా అన్నది డాక్టరు చూసి తేల్చాల్సిన విషయం. ఇంట్లో మీరుగా మొదలుపెట్టకండి. గ్యాస్ బాధ ఉందని తప్పక చెప్పండి. క్లోపిడోగ్రెల్ రాస్తే దానితో ఒమెప్రజోల్, ఎసొమెప్రజోల్ అనే గ్యాస్ మాత్రలు పొసగవు, దాని పనితనాన్ని తగ్గిస్తాయి. పాంటాప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ.

ఇక స్కానింగ్. సీటీ నార్మల్ అంటే మెదడుకి ఏమీ కాలేదని కాదు. సీటీ రక్తస్రావాన్ని, పెద్ద కణితులని, మెదడుని కప్పి ఉండే పొర కింద చేరిన పాత రక్తాన్ని బాగా పట్టుకుంటుంది. రక్తం అందక దెబ్బతిన్న చిన్న చుక్కంత భాగాన్ని పట్టుకోవడం దాని వల్ల కాదు. అందుకే బ్రిటన్‌లో నైస్ సంస్థ మార్గదర్శకాలు టీఐఏ అనుమానం ఉన్నవాళ్లకి మామూలుగా సీటీ వద్దంటాయి. రక్తం పలచబడే మందుల మీద ఉన్నవాళ్లకో, ఇంకేదైనా జబ్బు అనుమానం ఉన్నప్పుడో మాత్రమే తీయమంటాయి. మన దగ్గర ఎంఆర్‌ఐ అన్నిచోట్లా లేదు కాబట్టి ముందు సీటీ తీయడం సబబే. అక్కడితో ఆగిపోవడంలోనే తప్పుంది.

లక్షణాలు 24 గంటల్లోపు పోతే టీఐఏ అనేవారు ఒకప్పుడు. 2009లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ గడియారం లెక్కని పక్కనపెట్టింది. లక్షణం ఎంతసేపు ఉందన్నది కాదు, మెదడు కణజాలం చచ్చిందా లేదా అన్నదే కొలమానం అయింది. ఇరవై నిమిషాల్లో పూర్తిగా కోలుకున్న మనిషి మెదడులో కూడా ఎంఆర్‌ఐలో చచ్చిన చుక్క కనపడితే అది చిన్న పక్షవాతమే. గడియారం ప్రకారం టీఐఏ అనిపించుకున్నవాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఇలాంటి చుక్క కనపడుతుంది. అది కనపడినవాళ్లకి మళ్లీ పక్షవాతం వచ్చే ముప్పు కనపడనివాళ్ల కన్నా చాలా ఎక్కువ. నాన్నగారు 'నాకేం కాలేదు' అంటున్నది చెయ్యి గురించి. మెదడు సంగతి ఆయనకి తెలిసే దారి లేదు.

ఆ చుక్కని పట్టేది డీడబ్ల్యూఐ అనే సీక్వెన్స్. ఎంఆర్‌ఐ అంటే ఒకే ఫొటో కాదు. ఒకే మిషన్ రకరకాల సెట్టింగుల్లో విడివిడిగా తీసే బొమ్మల వరసలు, వాటిని సీక్వెన్సులు అంటారు. డీడబ్ల్యూఐ నీటి కదలికని చూస్తుంది. రక్తం అందని కణంలో సోడియాన్ని బయటికి తోసే పంపు ఆగిపోతుంది, నీరు లోపలికి వచ్చి కణం ఉబ్బుతుంది, కణాల మధ్య సందులు ఇరుకైపోతాయి. జాతరలో జనంలా నీటి అణువులు కదలలేక ఉన్నచోటే ఉండిపోతాయి. ఆ చోటు బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. రక్తం ఆగిన కొద్ది నిమిషాల నుంచే ఇది మొదలవుతుంది. ఈ సీక్వెన్స్ తీయడానికి పట్టేది ఒకటి రెండు నిమిషాలే.

డీడబ్ల్యూఐలో తెలుపు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, దాని జంట బొమ్మ ఏడీసీని పక్కన పెట్టుకోవాలి. అదే చోట ఏడీసీ నల్లగా ఉంటే దెబ్బ కొత్తది. ఏడీసీ కూడా తెల్లగా ఉంటే అది పాత మచ్చ వెలుగు డీడబ్ల్యూఐలోకి చొచ్చుకురావడం మాత్రమే. షుగర్, బీపీ ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల మెదడులో పాత మచ్చలు మామూలు కాబట్టి ఈ తేడా నాన్నగారి విషయంలో ముఖ్యం. రిపోర్టులో 'డిఫ్యూజన్ రిస్ట్రిక్షన్ విత్ లో ఏడీసీ' అని ఉంటే కొత్త దెబ్బ అన్నమాట.

నాలుగో రోజు ఆలస్యమైపోయిందా అంటే, లేదు. మొదటి 24 గంటల్లో తీయడం ఉత్తమం. కానీ డీడబ్ల్యూఐ తెలుపు సాధారణంగా 10 నుంచి 14 రోజులు ఉంటుంది. ఏడీసీ నలుపు వారం అటూ ఇటూగా మామూలు రంగుకి వచ్చేస్తుంది. మరీ చిన్న చుక్కలు అంతకన్నా ముందే చెరిగిపోవచ్చు. కాబట్టి ఇవాళో రేపో తీయించండి. ఇంకో పది రోజులు ఆగితే ఫ్లెయిర్ అనే సీక్వెన్స్‌లో మచ్చయితే దొరకొచ్చు గానీ, అది ఈ ఆదివారంది కావచ్చు, నిరుడిది కావచ్చు. అప్పుడు డబ్బు దండగ అన్న నాన్నగారి మాట కొంత నిజమే అవుతుంది.

ఏ రకం తీయించాలి అన్నదానికి: చీటీ మీద 'ఎంఆర్‌ఐ బ్రెయిన్ ప్లెయిన్, స్ట్రోక్ ప్రోటోకాల్, బ్రెయిన్ ఎంఆర్ యాంజియోతో' అని రాయించుకోండి. అందులో డీడబ్ల్యూఐ–ఏడీసీ, ఫ్లెయిర్, టీ2, ఎస్‌డబ్ల్యూఐ లేదా జీఆర్‌ఈ, మెదడు ధమనుల యాంజియో ఉండాలి. సెంటర్‌లో 'ఎస్‌డబ్ల్యూఐ ఉంటుందా?' అని ఒక్క మాట అడగండి. ఇది రక్తపు ఆనవాళ్లని చూపే సీక్వెన్స్, నల్ల చుక్కలుగా కనపడతాయి. కొందరు పెద్దవాళ్లకి అమిలాయిడ్ అనే పదార్థం రక్తనాళాల గోడల్లో పేరుకుని మెదడు ఉపరితలం మీద సన్నగా రక్తం చిమ్ముతుంది. తిమ్మిరి వేళ్ల దగ్గర మొదలై కొద్ది నిమిషాల్లో మోచెయ్యి మీదుగా మొహం దాకా పాకుతుంది, మళ్లీ మళ్లీ అలాగే వస్తుంది. చూడ్డానికి టీఐఏలాగే ఉంటుంది, కానీ దానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి ఇస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నాన్నగారికి వచ్చింది ఒక్కసారిగా పడిపోయిన బలహీనత కాబట్టి ఆ అవకాశం తక్కువ. అయినా చూసుకుంటే నష్టం లేదు.

కాంట్రాస్ట్ ఇంజక్షన్, అంటే బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు, మామూలుగా అక్కర్లేదు. టైమ్ ఆఫ్ ఫ్లైట్ పద్ధతిలో మెదడు ధమనుల బొమ్మ ఏ మందూ ఎక్కించకుండానే వస్తుంది. కణితో ఇన్ఫెక్షనో అనుమానం వస్తేనే కాంట్రాస్ట్ మాట. 1.5 టెస్లా మిషన్ సరిపోతుంది (టెస్లా అంటే మిషన్‌లోని అయస్కాంతం బలానికి కొలత). '3 టెస్లా అయితేనే' అని పక్క ఊళ్లో స్లాటు కోసం నాలుగు రోజులు ఆగడం తెలివైన పని కాదు.

తల లోపలి ధమనుల యాంజియో మీద నొక్కిచెప్పడానికి కారణం ఉంది. తెల్లవాళ్లలో ఎక్కువగా మెడ ధమనులు పూడితే, మనవాళ్లలో, మొత్తంగా ఆసియా వాళ్లలో పుర్రె లోపలి ధమనులు పూడటం ఎక్కువ. మెడ ధమనులని అల్ట్రాసౌండ్‌తో చూసే డాప్లర్ పరీక్షకి అవి కనపడవు. డాప్లర్ నార్మల్ అనగానే ఊపిరి పీల్చుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. టైమ్ ఆఫ్ ఫ్లైట్‌కి ఒక దోషం ఉంది. రక్తం నెమ్మదించిన చోట, సుడి తిరిగిన చోట వెలుగు తగ్గి, సన్నబాటుని ఉన్నదానికన్నా పెద్దగా చూపిస్తుంది. '90 శాతం బ్లాక్' అని రిపోర్టులో చూసి కంగారుపడి స్టెంట్‌కి ఒప్పుకోకండి. సీటీ యాంజియోతో సరిపోల్చమనండి. పైగా పుర్రె లోపలి బ్లాకులకి స్టెంట్ కన్నా మందులే మేలని 2011లో శాంప్రిస్ అధ్యయనం తేల్చింది.

మెడ ధమనుల సంగతి వేరు, అక్కడ తేదీలు లెక్కపెట్టాలి. కుడిచెయ్యి పడి మాట పోయిందంటే దెబ్బ మెదడు ఎడమ పక్కది, కాబట్టి ఎడమ కెరోటిడ్ ధమనిని తప్పక చూడాలి. అందులో 70 శాతానికి మించి పూడిక ఉంటే దాన్ని తొలగించే ఆపరేషన్ లాభం స్పష్టం. 50 నుంచి 69 శాతం మధ్య కొందరికే లాభం. ఆ ఆపరేషన్ లక్షణం వచ్చిన రెండు వారాల్లోపు చేస్తేనే ఎక్కువ ఫలితం. అంటే మీకు ఆదివారం నుంచి రెండో ఆదివారం దాకా, మిగిలింది పది రోజులు. అందుకే డాప్లర్‌కి వెంటనే వెళ్లండి. సీటీ యాంజియో అయితే ఛాతీ నుంచి నడినెత్తి దాకా ధమనులన్నీ ఒకేసారి వస్తాయి. కాకపోతే దానికి అయోడిన్ కాంట్రాస్ట్ ఎక్కిస్తారు, కాబట్టి కిడ్నీల పనితనం చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడాలి. కిడ్నీలు బాగా దెబ్బతిని ఉంటే మెట్‌ఫార్మిన్ రెండు రోజులు ఆపమంటారు. ప్లెయిన్ ఎంఆర్‌ఐకి ఈ జంజాటమేదీ లేదు.

చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే కారణం కొంత దొరుకుతుంది. ఒకే ధమని పరిధిలో చిన్నచిన్నవి చెదిరి ఉంటే ఆ ధమని పూడిక నుంచి రాలిన ముక్కలని అనుమానించాలి. మెదడు రెండు పక్కలా, లేక ముందూ వెనకా కూడా ఉంటే గుండె నుంచి వచ్చిన గడ్డలని చూడాలి. లోపలి భాగంలో ఒకే ఒక్క చిన్న గుండ్రటి చుక్క ఉంటే బీపీ, షుగర్ వల్ల పాడైన సన్న నాళం పని. ఇది ఉత్త కుతూహలం కాదు, మందే మారిపోతుంది. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బు బయటపడితే ఆస్పిరిన్ చాలదు, రక్తం గడ్డకట్టనివ్వని వేరే మందు కావాలి. అందుకే ఈసీజీ, ఎకోతో పాటు గుండె లయని ఆగకుండా రికార్డు చేసే హోల్టర్ పరీక్ష కూడా కనీసం 24 గంటలు చేయించండి. ఈసీజీ తీసిన ఆ కాసేపట్లో గుండె లయ సరిగ్గా ఉన్నంత మాత్రాన మిగతా రోజంతా అలాగే ఉందనలేం.

ఎంఆర్‌ఐ నార్మల్ వస్తే? వచ్చే అవకాశమే ఎక్కువ, ఇందాక చెప్పినట్టు మూడింట రెండొంతుల మందికి అదే వస్తుంది. దాని అర్థం రక్తం మళ్లీ అందేలోపు కణాలు చావలేదని. ఆదివారం జరిగింది టీఐఏ కాదని కాదు. మెడ, గుండె పరీక్షలు, మందులు ఏవీ రద్దు కావు. చాలా కుటుంబాలు ఇక్కడే పొరపడతాయి. రిపోర్టు నార్మల్ అని మందులు నెల తిరక్కుండా ఆపేస్తారు. నిజమైన పక్షవాతం ఉన్నవాళ్లలో కూడా కొందరికి డీడబ్ల్యూఐ ఖాళీగా వస్తుంది, మెదడు వెనక భాగంలో, మెదడు కాండంలో వచ్చినప్పుడు మరీ. కళ్లు తిరిగి, వస్తువు రెండుగా కనపడి, తూలిపోయినవాళ్లకి మొదటి రోజు స్కాన్ నార్మల్ వస్తే, రెండు మూడు రోజులాగి పలుచటి ముక్కలతో, నిలువు కోతలో కూడా మళ్లీ తీయమనాలి. నాన్నగారి లక్షణాలు ఆ కోవలోవి కావు.

మీ ఉత్తరంలో ఒక సంగతి లేదు, ఆ సమయంలో షుగర్ ఎంతుందో. గ్లిమెపిరైడ్ షుగర్‌ని బాగా కిందికి దించగలదు. వేసుకుని టిఫిన్ ఆలస్యమైతే షుగర్ 70 కిందికి పడి, ఒక పక్క చెయ్యి పడిపోవడం, మాట తడబడటం అచ్చం పక్షవాతంలాగే రావొచ్చు. మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, చెమటలు పట్టాయా, తీపి ఏదైనా తిన్నాకే తేరుకున్నారా, ఆసుపత్రిలో గ్లూకోమీటర్‌తో చూశారా, ఇవన్నీ గుర్తుచేసుకుని డాక్టరుకి చెప్పండి. మళ్లీ అలా అయితే ముందు వేలి మీద షుగర్ చూడండి, చూస్తూనే 108కి ఫోన్ చేయండి. లక్షణం ఎన్నింటికి మొదలైందో గడియారం చూసి రాసిపెట్టండి. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి నాలుగున్నర గంటల గడువు అక్కడి నుంచే మొదలవుతుంది. 'పోయినసారి తగ్గింది, ఈసారీ తగ్గుతుంది' అని కూర్చోవద్దు. మూర్ఛ తరవాత వచ్చే బలహీనత, మైగ్రేన్ ముందు వచ్చే తిమ్మిరి కూడా టీఐఏని అనుకరిస్తాయి. మూర్ఛ తరవాత డీడబ్ల్యూఐలో మెదడు పైపొర వెంబడి తెలుపు కూడా రావొచ్చు, అది ఒకే ధమని హద్దులో ఉండదు కాబట్టి అనుభవమున్న రేడియాలజిస్టు తేడా పడతాడు.

స్టెంట్ భయం వదిలేయండి. ఇప్పుడు గుండెకి వేస్తున్న స్టెంట్లు 1.5, 3 టెస్లా మిషన్లలో క్షేమమే, వేసిన మూడేళ్ల తరవాతే కాదు, కొత్తగా వేసినా. డిశ్చార్జ్ సమ్మరీ, స్టెంట్ కార్డు తీసుకెళ్లి చూపించండి. అసలు చెప్పాల్సినవి వేరే: పేస్‌మేకర్, చెవిలో పెట్టిన కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన పాత క్లిప్పు, వెల్డింగ్, గ్రైండింగ్ పనుల్లో కంట్లో పడిన ఇనప రజను. వీటిలో ఏదున్నా ముందే చెప్పాలి. ఉంగరం, గొలుసు, వెండి మొలతాడు, తీసిపెట్టుకునే కట్టుడుపళ్లు, వినికిడి మిషన్, జేబులో సెల్‌ఫోన్, ఏటీఎం కార్డు బయటే వదలాలి. ఒంటి మీద మందు పట్టీ అంటించుకుని ఉంటే తీసేయాలి, కొన్నిటి వెనక లోహపు రేకు ఉంటుంది, కాలుతుంది. ప్లెయిన్ స్కాన్‌కి ఖాళీ కడుపు అక్కర్లేదు. షుగర్ మాత్ర వేసుకుని టిఫిన్ మానేసి క్యూలో కూర్చోబెట్టకండి.

లోపల పడుకునేది సుమారు ఇరవై నిమిషాలు. మోత చాలా గట్టిగా ఉంటుంది, చెవులకి ప్లగ్గులు అడిగి పెట్టించండి. తల కదిపితే ఎస్‌డబ్ల్యూఐ, యాంజియో బొమ్మలు ముందుగా పాడవుతాయి. ఇరుకంటే భయపడే మనిషైతే డీడబ్ల్యూఐని మొట్టమొదట తీయమని టెక్నీషియన్‌కి చెప్పండి. మధ్యలో లేచొచ్చినా ముఖ్యమైనది చేతికి వస్తుంది. డబ్బు ఇబ్బంది ఉంటే కూడా డీడబ్ల్యూఐ–ఏడీసీ, ఫ్లెయిర్, ఎస్‌డబ్ల్యూఐ వరకు పొట్టి స్కాన్ చేస్తారేమో అడగండి. కొన్ని సెంటర్లు తక్కువ ధరకి చేస్తాయి. ఎంఆర్‌ఐ స్లాటు దొరక్కపోతే దాని కోసం మిగతావి ఆపకండి: మందు, డాప్లర్, ఈసీజీ ముందు కానివ్వండి.

రిపోర్టు చేతికొచ్చాక కొన్ని మాటలు చూసి బెదరొద్దు. 'స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్, ఫజేకాస్ గ్రేడ్ 1', 'ఏజ్ రిలేటెడ్ అట్రోఫీ' అన్నవి ఆ వయసులో, ఆ బీపీతో చాలామందికి ఉంటాయి. ఆదివారం నాటి దానికి అవి కారణం కావు. 'ఓల్డ్ లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్' అని ఉంటే మాత్రం ఎప్పుడో తెలియకుండా ఒక చిన్న పక్షవాతం వచ్చిపోయిందని అర్థం, దాన్ని న్యూరాలజిస్టుకి వేలు పెట్టి చూపించండి. ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. ఏడీసీ బొమ్మలు ఫిల్ము మీద తరచూ వేయరు, వేసినా తపాలా బిళ్లంత ఉంటాయి. డాక్టరు కంప్యూటర్లో పెద్దవి చేసి చూసుకోవాలంటే సీడీ కావాలి.